కొని తెచ్చుకున్న పచ్చదనం

మా తమ్ముడి గృహప్రవేశం జరిగి రెండు నెలలయింది. పాలు పొంగాయి, వ్రతం జరిగింది, బంధువులు వచ్చి భోంచేసి, ఇల్లు బాగుందని నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లారు. సాయంత్రం మేడ మీద సామాను సర్దడానికి నేను మిగిలాను. భోజనాలు పెట్టిన చోట బల్లల కింద, కుర్చీల కింద, కొత్తగా తెచ్చిపెట్టిన పూలకుండీలలో సైతం నీళ్ల సీసాలు. అరచేతిలో ఇమిడే 200 మిల్లీలీటర్ల సీసాలవి. సగం తాగినవి కొన్ని, ఒక్క గుక్క తాగినవి కొన్ని, మూత తీసి అలాగే వదిలేసినవి మరికొన్ని. నాలుగు వందల సీసాలు తెప్పించామని తమ్ముడు అంతకుముందే చెప్పాడు. వాటిని ఏరి గోనెసంచులలో నింపే ముందు మిగిలిన నీటిని బక్కెట్టులోకి ఒంపసాగాను. రెండు బక్కెట్లు నిండి మూడవది తేవలసి వచ్చింది. మండువేసవిలో ట్యాంకరు కోసం ఫోన్లు చేసే కాలనీ అది.

వచ్చిన వారందరికీ ఆ రోజు ఒక నూలుసంచి బహూకరించారు. దాని మీద ఆకుపచ్చ అక్షరాలతో భూమాతను కాపాడుకుందామన్న నినాదం అచ్చువేయించారు. సంచి నలగకుండా, మాయకుండా ఒక్కొక్కదానికీ పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు తొడిగారు. అందులో హాస్యమేమీ ఎవరికీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే, ఆ పూట నాకూ కనిపించలేదు.

ఆ శుభకార్యానికి వారం ముందు నేనొక మాట అన్నాను. మా అమ్మ పేరు చెక్కించిన స్టీలు గ్లాసులు ఆరు డజన్లు మా ఇంటి అటక మీద ట్రంకుపెట్టెలో ఉన్నాయి. పాత జరీచీరలిచ్చి కొన్ని, చిట్టీ పాడి కొన్ని కొన్నది ఆవిడ. మా వీధిలో ఎవరింట పెళ్లి జరిగినా ఆ గ్లాసులు వెళ్లి వచ్చేవి. లెక్కపెట్టి ఇచ్చేది, లెక్కపెట్టి పుచ్చుకొనేది. అవి దింపి, చాలనివి టెంట్ హౌసులో అద్దెకు తెద్దామన్నాను. తమ్ముడు కాదనలేదు. "బాగానే ఉంటుంది అన్నయ్యా, కానీ ఎవరు కడుగుతారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఊరుకున్నాను. ఈ టపా ఆ ప్రశ్నకు ఆలస్యంగా దొరికిన జవాబు. కాస్త పొడుగైనది, ఓపిక పట్టగలరు.

ముందుగా ఆ నూలుసంచి సంగతి తేల్చుకుందాం. బ్రిటనులోని ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2011లో ప్రకటించిన ఒక అధ్యయనం ప్రకారం, నూలుసంచి ఒకటి ఒక్కసారి వాడి పారేసే పలుచని ప్లాస్టిక్ సంచితో భూతాపం లెక్కలో సరితూగాలంటే దానిని 131 సార్లు వాడాలి. పత్తి పండించడానికి నీరు, ఎరువు, పురుగుమందు కావాలి. వడకడానికి, నేయడానికి, అద్దకానికి కరెంటు కావాలి. ఇది భూతాపం లెక్క మాత్రమే. కాలువలకు అడ్డుపడడం, ఆవుల కడుపులో పేరుకోవడం వంటి ప్లాస్టిక్ పాపాలు వేరే ఉన్నాయి, వాటిని నేను మాఫీ చేయడం లేదు. అయినా మా ఇంట్లో ఇలాంటి బహుమానపు సంచులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూశాను. ఇరవై మూడు. వాటి ఋణం తీరాలంటే 3,013 సార్లు బజారుకు వెళ్లాలి. రోజుకొకసారి వెళ్లినా ఎనిమిదేళ్లు దాటుతుంది. ఈలోగా ఇంకెన్ని గృహప్రవేశాలు జరుగుతాయో!

సంచి మంచిదే. ఒక్క సంచి మంచిది. ఇరవై నాలుగవ సంచి ఏ బట్టతో కుట్టినా చెత్తే.

నా వాదం మొత్తం ఇంతే. పర్యావరణం పేరు పెట్టి మనకు అమ్ముతున్న వాటిలో అధికభాగం మన ఇంట్లో నిక్షేపంగా ఉన్న మరొక వస్తువును మూలకు నెట్టి వస్తోంది. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాల మీద దేశమంతటా 2022 జులై 1 నుండి నిషేధం వచ్చింది. వెంటనే కాగితపు కప్పు పుణ్యపురుషుడి వేషంలో ప్రత్యక్షమైంది. కాగితం మాత్రమే అయితే అందులో టీ నిలవదు. లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ వారు 2020లో పరీక్షించి చూపించారు: వేడి ద్రవం పదిహేను నిముషాలు ఆ కప్పులో ఉంటే, 100 మిల్లీలీటర్లలోకి సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరుతాయి. విస్తరి కథా అంతే. మోదుగాకులు, అడ్డాకులు ఈనెపుల్లలతో కుట్టిన విస్తరి పెంటకుప్పలో పడితే ఎరువయ్యేది. ఇప్పుడు బఫే భోజనాలలో కనిపించే కొన్ని ఆకు పళ్లేలను తిరగవేసి చూడండి. అడుగున ప్లాస్టిక్ పూసిన అట్ట అంటించి ఉంటుంది. పైన అడవి, కింద కర్మాగారం. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్లు, ఆకులో తిన్నామన్న తృప్తితో మనం చేయి కడుక్కుంటున్నాం.

కొనడం మానేసి, ఉన్నది వాడడం, పాడైతే బాగుచేయించడం, వృథా కానీయకపోవడం అనే మూడు పనులకు ప్రకటనలు ఉండవు. వాటివల్ల ఎవరికీ లాభం లేదు కాబట్టి వాటి మాట మనకెవరూ చెప్పరు.

ఇంట్లో నీటి సంగతి చూడండి. మా వీధిలో ఆర్వో యంత్రం లేని వంటిల్లు లేదు. హైదరాబాదుకు కృష్ణ నీరు నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుండి, మోటార్లు ఎత్తిపోస్తే వస్తుంది. దారి పొడుగునా ఖర్చయ్యేది కరెంటు. అంత దూరం వచ్చి, శుద్ధి అయి, మన కుళాయిలో పడిన నీటిని ఆర్వో యంత్రంలోకి పంపితే, సామాన్యంగా నాలుగింట ఒక వంతో, మూడింట ఒక వంతో తాగేందుకు వస్తుంది. తక్కినది సన్నని గొట్టం గుండా సింకులోకి పోతుంది. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న నీరు తాగడానికి యోగ్యమేనని మన భారతీయ ప్రమాణం చెబుతుంది. ఆ పరిమితి లోపు ఉన్నచోట ఆర్వో వాడకాన్ని నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది కూడా. లవణాలు కొలిచే మీటరు చిన్న కలమంత ఉంటుంది, ఖరీదు స్వల్పం, పదిళ్లవారు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. మా కుళాయి నీటిలో పెడితే 500కు చాలా దిగువనే చూపించింది. ఆర్వో తీసేసి క్రిములను ఆపే మామూలు ఫిల్టరు పెట్టుకున్నాం. ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి. నల్లగొండ ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను చూసినవారెవరూ ఆర్వోను వెక్కిరించరు. బోరునీరు ఉప్పగా ఉన్నవారికి, ఫ్లోరైడు ఉన్నవారికి అది అవసరం. అవసరం లేనిచోట హోదా కోసం పెట్టుకొన్న యంత్రమే నా శత్రువు. అవసరమై పెట్టుకొన్నవారు సైతం ఆ వృథా గొట్టాన్ని బక్కెట్టులోకి తిప్పితే ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి, గిన్నెల తొలి కడుగుకు పనికివస్తుంది.

ఇక ఆఫీసు. నేను చూసిన ఆఫీసులలో ఒక దానిలో ఏసీ ఏడాది పొడవునా 20 డిగ్రీల మీద ఉండేది. బయట మే నెల ఎండకు తారు కరుగుతూ ఉంటే లోపల ఆడపిల్లలు శాలువాలు కప్పుకొని, మగవాళ్లు స్వెట్టర్లు వేసుకొని పనిచేసేవారు. కుర్చీలకు స్వెట్టర్లు శాశ్వతంగా వేలాడుతూ ఉండేవి. ఎవరిని అడిగినా తమ చేతిలో లేదనేవారు. కేంద్ర ఇంధన పొదుపు సంస్థ చెప్పే లెక్క ప్రకారం ఏసీని ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుంది. ఇరవై నుండి ఇరవై అయిదుకు పెంచితే పావు వంతుకు పైగా మిగులుతుంది. అందుకే 2020 జనవరి నుండి కొత్త గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా నియమం పెట్టారు. మనం రిమోటు అందుకొని 18కి దింపుతున్నాం. ఏసీ వద్దని నేననను. నలభై అయిదు డిగ్రీల ఎండలో రామగుండంలోనో విజయవాడలోనో ఉండే మనిషితో ఏసీ మానెయ్యమని చెప్పడం క్రూరత్వం. వేసవిలో స్వెట్టరు తొడుక్కొనేంత చల్లదనం మాత్రం అవివేకం. 25 దగ్గర పెట్టి పైన పంకా వేసుకొంటే ఒంటికి తేడా తెలియదు, మీటరుకు తెలుస్తుంది.

అదే ఆఫీసులో, ఒక గంట సమావేశానికి బల్ల మీద పన్నెండు నీళ్లసీసాలు వరుసగా నిలబెట్టేవారు. నాలుగడుగుల దూరంలో నీళ్ల క్యాను, పక్కన గాజు గ్లాసులు. సీసా ఎదుట ఉంటే అతిథికి మర్యాద, గ్లాసులో పోసి ఇస్తే లోటు! ఇంటికి వచ్చినవారికి ముందు మంచినీళ్లు ఇచ్చే ఆచారం మనది. ఆ చెంబుడు నీళ్లలో మర్యాద లేదని మనకెప్పుడు తోచింది?

కంప్యూటర్ల మాట కూడా చెప్పాలి, ఇది చదువుతున్నవారిలో చాలామందికి అదే బతుకుదెరువు కాబట్టి. విండోస్ 10కి ఉచిత భద్రతా సవరణలు మామూలుగా అందే గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని తరువాతి కూర్పుకు పనికిరావన్న కారణంతో ఏ లోపమూ లేని కంప్యూటర్లను ఆఫీసులు గుట్టలుగా బయటపెట్టడం నేను కళ్లారా చూశాను. ల్యాప్‌టాప్ వల్ల దాని జీవితకాలంలో వెలువడే కర్బనంలో పెద్ద వాటా తయారీలోనే అయిపోతుంది. మనం కొని ఇంటికి తెచ్చేసరికే ఆ నష్టం జరిగిపోయి ఉంటుంది. అందుచేత దానిని మరో నాలుగేళ్లు వాడడాన్ని మించిన మేలు లేదు. ప్రపంచంలో 2022లో ఒక్క ఏడాదిలో పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థలు తయారుచేసిన 2024 నివేదిక చెబుతోంది. ఈ టపా తొమ్మిదేళ్ల పాత యంత్రం మీద, లినక్సు వేసుకొని రాస్తున్నాను. తెలుగు అక్షరాలకు ఏ కొరతా రాలేదు. తెరల మీద తెలుగు గళ్లుగళ్లుగా కనిపించే కాలంలో పట్టుబట్టి తెలుగులో రాసినవాళ్లం మనం. పాత యంత్రానికి కొత్త ఊపిరి పోయడం మనకు కష్టం కాకూడదు.

ఇక్కడ చిన్నవాటికి, పెద్దవాటికి తేడా తెలుసుకోవాలి. కేంబ్రిడ్జి ఆచార్యుడు డేవిడ్ మెకే 2008లో వెలువరించిన పుస్తకంలో, ఫోను ఛార్జరును రోజంతా ఆపి ఉంచితే మిగిలే శక్తి కారు ఒక్క సెకను నడపడానికి సరిపోతుందని లెక్కగట్టాడు. ఛార్జరు తీసేసి, ఆ పుణ్యంతో వీధి చివరి కొట్టుకు కారులో వెళ్లేవాడు ఎవరిని మోసగిస్తున్నట్లు? నా దృష్టిలో ఇంటి మట్టుకు పెద్దవి ఇవి: ఏసీ, గీజరు, రోజూ ఆఫీసుకు వెళ్లే వాహనం, పారేసే అన్నం, కొత్తగా కొనే వస్తువులు. తక్కినవన్నీ వీటి తరువాతే.

ఇప్పుడు ఆక్షేపణలు. మొదటిది అందరూ అనేదే. కర్మాగారాలు, విద్యుత్కేంద్రాలు వదిలే పొగ ముందు నా గ్లాసు ఎంత? నిజమే, చాలా చిన్నది. చట్టం చేయవలసిన పనిని గ్లాసు చేయలేదు. కానీ ఈ ఆక్షేపణ చేసేవారు చట్టం కోసం ఏదో ఉద్యమం చేస్తూ తీరిక లేక సీసా నీళ్లు తాగుతున్నారా? తిలాపాపం తలా పిడికెడు అన్నారు. పాపం పంచుకొనేటప్పుడు నా వాటా చిన్నదని ప్రతివాడూ అనగలడు. పైగా ఆఫీసులో ఒక్క మనిషి నిర్ణయం ఒక్క మనిషిది కాదు. సీసాలకు ఆర్డరు పెట్టే ఉద్యోగి ఒక్కడు మనసు మార్చుకుంటే ఏడాదికి వేల సీసాలు ఆగుతాయి. ఏసీ మీట దగ్గర కూర్చున్నవాడు ఒక్కడు మనసు పెడితే రెండు అంతస్తుల కరెంటు తగ్గుతుంది. మనలో చాలామందికి అలాంటి మీట ఏదో ఒకటి అందుబాటులో ఉంది. లేదని చెప్పుకోవడం సుఖంగా ఉంటుంది.

రెండవది: సీసాలు రీసైకిల్ అవుతాయి కదా! మన దేశంలో నీళ్లసీసాలు చాలావరకు పాతసామాన్ల కొట్టుకు చేరుతాయి, ఒప్పుకుంటాను. అవి తమంతట తాము నడిచి వెళ్లవు. చేతికి తొడుగు లేని ఒక ఆడమనిషి తెల్లవారుజామున మన ఎంగిలిలో చేయి పెట్టి ఏరుతుంది. ఆమె ఏరనివన్నీ హైదరాబాదులో అయితే జవహర్‌నగర్ గుట్టకు చేరుతాయి. ఆ గుట్ట నుండి కారే మురుగుతో పక్కనున్న మల్కారం చెరువు చెడింది, చుట్టుపక్కల బోర్లు చెడ్డాయి. మనం "పారేశాం" అంటాం. ఎక్కడికి? మన కంటికి కనబడని మరొకరి ఊళ్లోకి.

మూడవది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినది. మా తమ్ముడి ప్రశ్న. ఎవరు కడుగుతారు?

వెనకటి రోజులు ఎంత పొదుపుగా ఉండేవో అని నిట్టూర్చేవారితో నేను గొంతు కలపలేను. ఆ పొదుపు ఎవరి ఒంటి మీద నడిచింది? మా అమ్మ గ్లాసులు లెక్కపెట్టేది, నిజమే. కడిగినది కూడా ఆవిడే, పెరట్లో నూతి దగ్గర నడుము వంచి, పెళ్లివారందరూ నిద్రపోయాక. మా నాన్నగారు గాని, నేను గాని ఒక్క గ్లాసు కడిగిన గుర్తు లేదు. ఇంకో సంగతి. మన ఊళ్ల టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. దళితులకు వేరే గ్లాసు, తాగి వాళ్లే కడిగి పెట్టాలి. పారేసే కప్పు వచ్చాక ఆ అవమానం కొంత కనుమరుగైంది. కొన్నిచోట్ల ఆ కప్పే వివక్షకు కొత్త ముసుగు కూడా అయింది. కాబట్టి పాత గ్లాసును తిరిగి తెద్దామనేవాడు, ఆ గ్లాసుతో పాటు వచ్చే పాత పాపాలను ముందు కడగాలి. ఒకే గ్లాసులో ఎవరైనా తాగాలి, ఆ గ్లాసును ఎవరైనా కడగాలి. ఈ షరతు లేని పర్యావరణ ప్రేమ నాకు అక్కరలేదు.

అందుకని లెక్క మళ్లీ వేశాను. నాలుగు వందల సీసాలు, ఒక్కొక్కటి 8 రూపాయల చొప్పున 3,200 అయ్యాయి. అదే నీరు నాలుగు ఇరవై లీటర్ల క్యాన్లలో పడుతుంది. క్యాన్ల ధర, టెంట్ హౌసు గ్లాసుల అద్దె కలిపినా మా పేటలో ఆ సొమ్ములో సగం కాదు. మిగిలినది కడిగే ఇద్దరికి మంచి కూలిగా ఇవ్వవచ్చు. డబ్బు ప్లాస్టిక్‌కు పోయే బదులు మనిషికి పోతుంది. కరోనా తరువాత ఎంగిలి భయం పెరిగిందంటారు. సబ్బు ఆ వైరస్‌ను చంపుతుందని మనకు నేర్పినది ఆ కరోనాయే కదా.

కూలికి పెట్టుకొనే స్తోమత లేనిచోట జవాబు ఇంకా సులువు. నేను కడుగుతాను.

పోయిన నెల మా అమ్మ ఆబ్దికానికి నలభైమంది వచ్చారు. ట్రంకుపెట్టె దింపాను. భోజనాలయ్యాక నేను, తమ్ముడు, మా అబ్బాయి పంపు దగ్గర కూర్చున్నాం. యాభై నిముషాలు పట్టింది. మా పెద్దత్తయ్య చూసి, "ఇంత చదువు చదివి ఈ గ్లాసులు తోమడమేమిట్రా, ఆ మాత్రం సీసాలు తెప్పించలేకపోయావా" అంది. వెనుక ఎవరో పిసినారి అన్నారు. ఆ మాట కొంచెం గుచ్చుకుంది, కాదనను. మనలను ఆపుతున్నది ధరా కాదు, తీరిక లేకపోవడమూ కాదు, ఆ ఒక్క మాటేనని అప్పుడు అర్థమైంది. నలుగురిలో లేమి కనిపిస్తుందేమోనన్న భయంతో మనం నదులను సీసాలలో నింపి పంచుతున్నాం. ఆ మాట ఒకసారి పడితే చాలు. రెండవసారి అంతగా గుచ్చుకోదు.

ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఇందులో నా లెక్క ఎక్కడైనా తప్పితే సరిదిద్దండి, సంతోషిస్తాను. ఒక్కటి మాత్రం అడగకండి, ఎవరు కడుగుతారని.

గ్లాసులు అలాగే ఉన్నాయి. డెబ్బయి రెండూ. హైదరాబాదులో ఉన్న మిత్రులెవరి ఇంట శుభకార్యం జరిగినా అడగండి. మా అమ్మలాగే లెక్కపెట్టి ఇస్తాను, లెక్కపెట్టి పుచ్చుకుంటాను. కడిగి ఇవ్వవలసినది మాత్రం మీరు.